రొమ్ము ఇమేజింగ్ ఫెలోషిప్: పాథాలజీ ఫలితం దాకా కేసును వదలని ఏడాది

రేడియాలజీ పీజీ ముగించి రొమ్ము ఇమేజింగ్‌లో ఫెలోషిప్ చేయాలనుకునే యువ డాక్టర్లు నా సలహా కోసం వచ్చినప్పుడు ఎక్కువగా అడిగేది ఏ సంస్థకు పేరుందని. నేను వాళ్లను తిరిగి అడుగుతాను: అక్కడ మామోగ్రామ్‌లో, అంటే రొమ్ము ఎక్స్‌రేలో, మీరు అనుమానించిన మచ్చకు మీరే అల్ట్రాసౌండ్ చేసి, మీరే సూది పెట్టి, తీసిన ముక్క మీద వచ్చే పాథాలజీ (కణజాల పరీక్ష) నివేదిక మీరే చదివి, ఆ మహిళకు ఆ సంగతి మీరే చెప్పే వీలుందా? ఈ పనులన్నీ ఒకే డాక్టరు చేతుల మీదుగా సాగే చోటైతే పేరు లేకపోయినా వెళ్లమంటాను. ఏడాదంతా తెర ముందు కూర్చోబెట్టి పంపేసే చోటైతే ఎంత పేరున్నా వద్దంటాను.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. రేడియాలజీలో చాలా శాఖల్లో మనం నివేదిక రాసి పంపేస్తాం, ఆ తర్వాత ఏమైందో మనదాకా రాదు. రొమ్ము ఇమేజింగ్‌లో అలా కాదు. అనుమానించేదీ మనమే, ముక్క తీసేదీ మనమే, వచ్చిన ఫలితం చిత్రానికి సరిపోతుందా లేదా అని తేల్చేదీ మనమే. మన అంచనా తప్పో ఒప్పో కొద్ది రోజుల్లోనే తెలిసిపోతుంది. అంత త్వరగా నేర్పే గురువు వైద్యంలో అరుదు. ఆ గురువు దగ్గర కూర్చునే అవకాశం లేని ఫెలోషిప్ సగం చదువే.

చోటును ఎంచుకునేటప్పుడు

ఫెలోషిప్ అనే మాట ఒక్కటే అయినా దాని వెనక ఉండే శిక్షణ ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. అమెరికాలో ఇది సాధారణంగా ఏడాది శిక్షణ. అయితే న్యూరోరేడియాలజీకి, పిల్లల రేడియాలజీకి ఉన్నట్టు దీనికి అక్కడి రేడియాలజీ బోర్డు విడిగా పరీక్ష పెట్టి పట్టా ఇవ్వదు. కాబట్టి ఏం నేర్పాలన్నది చాలావరకు ఆయా సంస్థల చేతుల్లోనే ఉంటుంది. సొసైటీ ఆఫ్ బ్రెస్ట్ ఇమేజింగ్, అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ కలిసి ఒక పాఠ్యప్రణాళిక తయారుచేశాయి. దరఖాస్తు పెట్టే ముందు దాన్ని పక్కన పెట్టుకుని, మీరు చేరబోయే చోట అందులో ఎంత భాగం జరుగుతుందో చూసుకోండి. యూరప్‌లో రొమ్ము ఇమేజింగ్ సంఘం యూసోబీ ఆధ్వర్యంలో యూరోపియన్ డిప్లొమా పరీక్ష ఉంది. ఏ దేశంలో పనిచేయాలనుకున్నా ఆ పరీక్ష సిలబస్ చదివితే మన లోటుపాట్లు తెలుస్తాయి.

మరో దేశానికి వెళ్లేవాళ్లు అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది రిజిస్ట్రేషన్ విషయం. అక్కడి మెడికల్ కౌన్సిల్ మీకు రోగిని తాకే అనుమతి ఇస్తుందా, లేక పక్కన నిలబడి చూడటమే మీ పనా? చూడటం వల్ల కూడా ఎంతో కొంత వస్తుంది. కానీ అది ఫెలోషిప్ కాదు. సూది పట్టకుండా బయాప్సీ రాదు. ఈ మాట ప్రోగ్రాం డైరెక్టరును అడిగితే మర్యాదగా, కాస్త అటూ ఇటూగా జవాబు వస్తుంది. ప్రస్తుతం అక్కడ చేస్తున్న ఫెలోను అడగండి. నిన్న మీరు ఏం చేశారో చెప్పండి అంటే చాలు, అసలు సంగతి బయటపడుతుంది.

కేసుల సంఖ్య గురించి కూడా అడగాలి. బ్రిటన్ స్క్రీనింగ్ కార్యక్రమంలో (లక్షణాలు లేని మహిళలకు క్యాన్సర్ కోసం జరిపే పరీక్షలు) మామోగ్రామ్‌లు చదివే డాక్టరు ఏటా కనీసం 5,000 కేసులు చూడాలన్నది నియమం. అమెరికాలో 1992 నాటి మామోగ్రఫీ నాణ్యతా చట్టం కింద కొత్తగా చదవబోయేవాళ్లు ఆరు నెలల్లో 240 కేసులు పర్యవేక్షణలో చూసి ఉండాలి, ఆ తర్వాత 24 నెలలకు 960 చొప్పున చూస్తూ పోవాలి. రెండు దేశాల అంకెల మధ్య ఇంత తేడా ఉన్నప్పుడు చట్టం అడిగే కనీస సంఖ్యను మీ లక్ష్యంగా పెట్టుకోకండి. స్క్రీనింగ్‌లో క్యాన్సర్ దొరికేది వెయ్యి మందిలో కొద్దిమందిలోనే. వేల చిత్రాలు చూస్తేగానీ మామూలు రొమ్ము ఎన్ని రకాలుగా ఉంటుందో కంటికి అలవాటు కాదు. ఆ అలవాటు లేనివాళ్లకు ప్రతి మచ్చా అనుమానంగానే కనిపిస్తుంది.

మామోగ్రామ్ చదవడం

మొదటి వారాల్లో కొంతసేపైనా రీడింగ్ గదిలోంచి లేచి టెక్నాలజిస్టు పక్కన నిలబడండి. పొజిషనింగ్ సరిగా లేకపోతే మీరు చదవాల్సిన గడ్డ చిత్రంలోకే రాదు. వాలుగా తీసే ఎంఎల్ఓ చిత్రంలో ఛాతీ కండరం చనుమొన మట్టం దాకా దిగిందా, రొమ్ము కింది మడత విప్పారి కనిపిస్తోందా చూడండి. చనుమొన నుంచి కండరం దాకా గీత గీసి కొలవండి. పైనుంచి తీసే సీసీ చిత్రంలో ఆ కొలత ఒక సెంటీమీటరుకు మించి తగ్గితే వెనక భాగం కొంత తప్పిపోయిందని అర్థం. రొమ్మును ఎందుకు అంత గట్టిగా నొక్కాలో కూడా అక్కడే తెలుస్తుంది. ఉరుగ్వే డాక్టరు రౌల్ లెబోర్న్ గత శతాబ్దం మధ్యలోనే నొక్కి తీయడం మీద పట్టుబట్టాడు. నొక్కితే మందం తగ్గుతుంది, రేడియేషన్ మోతాదు తగ్గుతుంది, ఒకదాని మీద ఒకటి పడిన కణజాలం విడివడుతుంది. నొక్కే ఆ క్షణంలో ఆ మహిళ ముఖం ఒక్కసారి చూసిన డాక్టరు, అవసరం లేకుండా అదనపు చిత్రాలు తీయమని రాయరు.

చదివేటప్పుడు ఒకే క్రమం పాటించండి. ముందు నాణ్యత చూడండి. తర్వాత రెండు రొమ్ముల చిత్రాలు వీపు వీపు ఆనించినట్టు పెట్టుకుని తేడాలు వెతకండి. ఆ తర్వాత తరచూ తప్పిపోయే చోట్లకు పనిగట్టుకుని వెళ్లండి: గ్రంథి కణజాలం వెనక ఉండే కొవ్వు పొర, సీసీ చిత్రంలో లోపలి సగం, కింది మడత దగ్గర, చనుమొన వెనక, చంక. చివర్లో కాల్షియం చుక్కల కోసం పూర్తి రిజల్యూషన్‌లో అంగుళం అంగుళం చూడండి. పాత చిత్రాలతో పోల్చేటప్పుడు కిందటి ఏడాదివి మాత్రమే తెరిస్తే చాలదు, కనీసం రెండేళ్ల కిందటివి కూడా తెరవండి. నెమ్మదిగా పెరిగే గడ్డ ఏడాది తేడాలో కదలనట్టే కనిపిస్తుంది. ఒక క్యాన్సర్ దొరికిందంటే వెతకడం ఆపవద్దు. రెండోది అదే రొమ్ములో ఉండవచ్చు, అవతలి వైపు ఉండవచ్చు. శస్త్రచికిత్స ఎంత పెద్దదో ఆ రెండోదే నిర్ణయిస్తుంది.

కన్సల్టెంటు నివేదిక తెరిచే ముందు మీ అభిప్రాయం రాసేయండి. మనసులో అనుకోవడం చాలదు, రాయాలి. ఎదుటివారి మాట విన్నాక "నేనూ అదే అనుకున్నాను" అని మనసు సర్దుకుంటుంది. కాగితం అలా సర్దుకోదు. చిత్రం మీద కృత్రిమ మేధ పెట్టే గుర్తుల విషయంలోనూ నా ఫెలోలకు ఇదే నియమం. స్వీడన్‌లో 80,000 మందికి పైగా మహిళలతో జరిగిన మసాయి అధ్యయనం 2023లో వెలువడింది. కంప్యూటర్ సాయంతో చదివితే డాక్టర్ల రీడింగ్ భారం సుమారు 44 శాతం తగ్గిందని అందులో తేలింది. ఆ సాధనం మన వృత్తిలో నిలబడుతుందని నేను నమ్ముతున్నాను. కానీ కన్ను ఇంకా తయారు కాని ఏడాదిలో ముందు ఆ గుర్తులు చూస్తే, ఆ కన్ను ఎప్పటికీ తయారు కాదు. ముందు మీరు చదవండి, రాయండి, తర్వాతే వాటిని తెరవండి.

కాల్షియం చుక్కల దగ్గర కొత్తవాళ్లు బాగా తడబడతారు. ఆకారం, పంపిణీ రెండూ కలిపి చూడాలి. మధ్యలో బోలుగా ఉన్నవి చాలావరకు చర్మానివి. అనుమానముంటే ఆ చోటును అంచున పెట్టి టాంజెన్షియల్ చిత్రం తీయించండి. రైలు పట్టాల్లా జంట గీతలుగా ఉన్నవి రక్తనాళాలవి. సీసీలో మసకగా, నిజ పార్శ్వ చిత్రంలో (నేరుగా పక్కనుంచి తీసినది) అడుగున పేరుకున్న వంపు గీతలుగా కనిపిస్తే అది సూక్ష్మ తిత్తుల్లోని కాల్షియం ద్రవం, బయాప్సీ అక్కర్లేదు. ఆ ఒక్క పార్శ్వ చిత్రం తీయించడం మరిచిపోయి ఆమెను సూది దాకా తీసుకుపోవడం అన్యాయం. సన్నటి కొమ్మలుగా చీలుతూ ఒక నాళం దారి పట్టి పోతున్నవైతే మాత్రం ఆలస్యం చేయవద్దు.

రొమ్ము చిత్రాల్లో క్యాన్సర్ అనుమానం ఎంతో అంకెల్లో చెప్పే బై-రాడ్స్ వర్గీకరణ 1993 నుంచి ఉంది. అంకెలు అందరికీ కంఠతా వస్తాయి, అర్థం మాత్రం అలవాటు మీద గానీ రాదు. అందులో మూడో వర్గం గురించి గట్టిగా చెప్పాలి. క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదని పూర్తి పరీక్షల తర్వాత నమ్మకం కుదిరినప్పుడే మూడు ఇవ్వాలి, ఆరు నెలలకు తిరిగి చూడాలి. ఏం తోచనప్పుడు తలదాచుకునే చోటు కాదది. స్క్రీనింగ్ చిత్రం చూసి నేరుగా మూడు వేసే ఫెలోను నేను వెనక్కి పంపుతాను: ముందు సున్నా (ఇంకా పరీక్షలు కావాలి అనే వర్గం) వేసి పిలవండి, అనుమానమున్న చోటును మాత్రమే నొక్కి స్పాట్ కంప్రెషన్ తీయండి, అల్ట్రాసౌండ్ చేయండి, అప్పుడు మాట్లాడదాం. నాలుగో వర్గాన్ని ఎ, బి, సి అని విడగొట్టడం కూడా అలంకారం కాదు. నాలుగు-ఎ అంటే 2 నుంచి 10 శాతం, బి అంటే 50 దాకా, సి అంటే 95కు లోపు. మీరు ఇచ్చిన ఆ అక్షరమే పాథాలజీ ఫలితం వచ్చిన రోజున మిమ్మల్ని ప్రశ్నిస్తుంది.

ప్రోబు మీ చేతిలో

అల్ట్రాసౌండ్ ఎవరో చేసి పెడితే చూడటం వేరు, స్వయంగా చేయడం వేరు. రొమ్ముకు కనీసం 12 మెగాహెర్ట్జ్ లీనియర్ ప్రోబు కావాలి. గెయిన్ (చిత్రం వెలుగును పెంచి తగ్గించే అమరిక) తప్పుగా ఉంటే మామూలు తిత్తి గట్టి గడ్డలా కనిపిస్తుంది, గట్టి గడ్డ తిత్తిలా కనిపిస్తుంది. ప్రతి గడ్డకూ గడియారపు ముల్లు స్థానం, చనుమొన నుంచి దూరం రాయండి. రేపు సూది పెట్టేది మరొకరైనా వాళ్లు అక్కడికే చేరాలి.

మామోగ్రామ్‌లో కనిపించినదీ అల్ట్రాసౌండ్‌లో కనిపించినదీ ఒకటేనని రుజువు చేయడమే అసలు విద్య. ఎంఎల్ఓ నుంచి నిజ పార్శ్వ చిత్రానికి వచ్చేసరికి లోపలి వైపు గడ్డ పైకి జరుగుతుంది, బయటి వైపుది కిందికి దిగుతుంది. ఈ లెక్కతో చోటు అంచనా వేసి ప్రోబు అక్కడ పెట్టండి. పరిమాణం, ఆకారం, లోతు, చుట్టూ ఉన్న కణజాలం సరిపోలాలి. సరిపోలలేదంటే ఎదురైన మొదటి తిత్తికే సంతోషపడిపోకండి. చంక కూడా చూడండి. లింఫ్ గ్రంథి అంచు పొర 3 మి.మీ. దాటి మందంగా ఉంటే ఆలోచించాలి.

బయాప్సీ, ఆ తర్వాత

అల్ట్రాసౌండ్ కింద 14 గేజ్ సూదితో చేసే కోర్ బయాప్సీ చేతికి త్వరగానే వస్తుంది. ఒక్కటి మాత్రం తొలిరోజు నుంచే పట్టుకోండి: సూది ఛాతీ గోడకు సమాంతరంగా ఉండాలి. ట్రిగ్గర్ నొక్కగానే సూది సుమారు 2 సెం.మీ. ముందుకు దూకుతుంది. ఆ దూకుడుకు చోటుందో లేదో ముందే కొలిచి చూసుకోండి. సూది కొన ఎక్కడుందో తెలియకపోతే నొక్కవద్దు. గడ్డ లోతుగా ఉంటే మత్తుమందునే కాస్త ఎక్కువగా దాని వెనక ఎక్కించి కండరం నుంచి పైకి లేపవచ్చు.

స్టీరియోటాక్టిక్ పద్ధతి, అంటే మామోగ్రామ్ చిత్రాల సాయంతో సూదిని నడిపించడం, నిదానంగా నేర్చుకోవలసింది. ఇరువైపులా 15 డిగ్రీల చొప్పున వాలుగా తీసిన జంట చిత్రాల్లో చుక్క ఎంత పక్కకు జరిగిందో దాన్నిబట్టి యంత్రం లోతు లెక్కగడుతుంది. రెండు చిత్రాల్లోనూ మీరు అదే చుక్కను గుర్తించకపోతే యంత్రం మిమ్మల్ని నమ్మకంగా తప్పు చోటికి తీసుకుపోతుంది. తీసిన ముక్కలకు అక్కడికక్కడే ఎక్స్‌రే తీసి కాల్షియం ఉందో లేదో చూడాలి. ముక్క తీసిన చోట గుర్తుగా చిన్న క్లిప్ పెట్టాక రెండు కోణాల్లో మామోగ్రామ్ తీయించాలి. నొక్కిన రొమ్మును వదలగానే క్లిప్ సూది వచ్చిన దారి వెంట జరిగిపోవచ్చు. ఎంత జరిగిందో, ఏ వైపు జరిగిందో నివేదికలో రాయకపోతే ఆ తర్వాత సర్జన్ తప్పు చోట కోస్తారు.

ఇక నేను ఎక్కువ సమయం పెట్టేది పాథాలజీ పోలిక మీద. సూది పని పూర్తయి ఫలితం ఇంకా రాకముందే ఫెలో ఒక వాక్యం రాయాలి: ఏం వస్తే ఒప్పుకుంటాను, ఏం వస్తే ఒప్పుకోను. అంచులు నునుపుగా ఉన్న అండాకారపు గడ్డకు ఫైబ్రోఅడినోమా (క్యాన్సర్ కాని గడ్డ) అని వస్తే ఒప్పుకుంటాం. అదే గడ్డకు "మామూలు రొమ్ము కణజాలం" అని వస్తే సూది గడ్డలోకి పోయిందా అని చిత్రాలు మళ్లీ తెరవాలి. ముళ్లలా అంచులు చాచిన గడ్డకు, పాత శస్త్రచికిత్స గానీ దెబ్బ గానీ లేని చోట, ఫైబ్రోఅడినోమా అని వస్తే అస్సలు ఒప్పుకోకూడదు. ఐదో వర్గం ఇచ్చామంటే 95 శాతం పైగా క్యాన్సర్ అని మనమే చెప్పాం. దానికి నిరపాయం అని వచ్చిన నివేదిక ఊరటనివ్వకూడదు, మళ్లీ బయాప్సీ చేయించాలి, లేదా సర్జన్‌తో తీయించాలి.

కాల్షియం కోసం చేసిన బయాప్సీలో "కాల్షియం కనిపించలేదు" అని పాథాలజిస్టు రాస్తే ఫోను చేయండి. మన ఎక్స్‌రేలో ముక్కల్లో కాల్షియం స్పష్టంగా ఉన్నప్పుడు అది ఎక్కడికీ పోయి ఉండదు. కాల్షియం ఆక్సలేట్ మామూలు కాంతిలో కనబడదు, పోలరైజ్డ్ కాంతి కింద చూడమని అడగండి. అప్పటికీ లేకపోతే కణజాలాన్ని పొదిగి ఉంచిన మైనపు దిమ్మలకు ఎక్స్‌రే తీసి, కాల్షియం ఉన్న దిమ్మను ఇంకా లోతుగా కోయమనండి. ఇదంతా తెలిసిన పాథాలజిస్టుకు గుర్తుచేయడం తప్పు కాదు. ఆ ఫోను కాల్ అలవాటు చేసుకున్న ఫెలో పది పుస్తకాలు చదివినా రానిది నేర్చుకుంటారు. వీలున్న ప్రతిసారీ మైక్రోస్కోపు దగ్గర పాథాలజిస్టు పక్కన కూర్చోండి. అటిపికల్ డక్టల్ హైపర్‌ప్లేసియా, రేడియల్ స్కార్, పాపిలోమా వంటి, అటు పూర్తిగా నిరపాయమూ ఇటు క్యాన్సరూ కాని మధ్యస్థ ఫలితాలు వచ్చినప్పుడు సర్జన్, పాథాలజిస్టు, మీరు ముగ్గురూ ఒకే గదిలో మాట్లాడి నిర్ణయించే సమావేశం ఆ సంస్థలో వారం వారం జరుగుతుందా అన్నది చేరకముందే అడగాల్సిన ప్రశ్న.

ఎంఆర్ఐ గురించి క్లుప్తంగా చెబుతాను. ఎందుకంటే చాలా ఫెలోషిప్‌లలో దీన్ని బాగానే నేర్పుతారు. కాంట్రాస్ట్ ఇచ్చాక తొలి రెండు నిమిషాల్లో ఏం వెలిగిందన్నదే ముఖ్యం. ఆకారం ముందు, కాంట్రాస్ట్ ఎక్కి దిగే తీరును చూపే వక్రరేఖ తర్వాత. అత్యంత సాంద్రమైన (కొవ్వు తక్కువ, గ్రంథి కణజాలం ఎక్కువ ఉన్న) రొమ్ములున్న మహిళలకు అదనంగా ఎంఆర్ఐ చేస్తే, రెండు స్క్రీనింగుల మధ్య బయటపడే క్యాన్సర్లు తగ్గాయని నెదర్లాండ్స్‌లో జరిగిన డెన్స్ అధ్యయనం 2019లో చూపింది. కాబట్టి ఈ పని పెరిగేదే. ఎంఆర్ఐ కింద బయాప్సీ చేయడం కూడా మీ చేత్తో నేర్చుకుని రండి. అది చేయగల చోట్లు తక్కువ.

ఫెలోషిప్ మొదటి రోజు నుంచి ఒక లెక్క పుస్తకం పెట్టండి, రోగి పేరు, గుర్తింపు లేకుండా. మీరు రీకాల్ చేసినవి, అంటే మరిన్ని పరీక్షలకు వెనక్కి పిలిచినవి, ఎన్ని, వాటిలో బయాప్సీకి వెళ్లినవి ఎన్ని, క్యాన్సర్ తేలినవి ఎన్ని. అమెరికా నిపుణులు 2010లో ప్రకటించిన హద్దుల ప్రకారం స్క్రీనింగ్‌లో రీకాల్ 5 నుంచి 12 శాతం మధ్య ఉండాలి, వెయ్యి మందిలో కనీసం 2.5 క్యాన్సర్లు దొరకాలి. ఒక్క ఫెలో ఏడాది లెక్కకు ఈ అంకెలు ఊగిసలాడతాయి, నిజమే. కానీ మీరు భయంతో పిలుస్తున్నారా, ధీమాతో వదిలేస్తున్నారా అన్నది ఆ పుస్తకమే చెబుతుంది. బ్రిటన్‌లో డాక్టర్లు పెర్ఫార్మ్స్ అనే స్వీయ పరీక్షలో జవాబు ముందే తెలిసిన కేసులు చదివి తమను తాము కొలుచుకుంటారు. అలాంటి కేసుల పెట్టె మీ సంస్థలో లేకపోతే ఫెలోలంతా కలిసి తయారుచేసుకోండి.

గదిలో ఉన్న మనిషి

రీకాల్ ఉత్తరం అందుకున్న మహిళ నిద్రపోకుండా వస్తుంది. గదిలోకి వెళ్లగానే మీ పేరు చెప్పండి, కూర్చోండి, ఈ రోజు ఏం చేయబోతున్నామో, ఎప్పుడు ఫలితం వస్తుందో చెప్పండి. చూడని భాగాన్ని కప్పి ఉంచండి. ఆమె చేతికి తగిలిన గడ్డను ముందు ఆమె వేలితోనే చూపించమనండి, ప్రోబు అక్కడే పెట్టండి. మీకు ఏమీ కనిపించకపోయినా ఆమె చెప్పిన చోటు తప్పని అనవద్దు. మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ రెండూ మామూలుగా ఉన్నా చేతికి అనుమానంగా తగిలే గడ్డ గడ్డే, దాన్ని సర్జన్ చూడాలి. క్యాన్సర్ అని చెప్పాల్సిన రోజున ఆ మాటే వాడండి. చుట్టూ తిప్పి చెబితే ఆమె ఇంటికి వెళ్లి వేరేగా అర్థం చేసుకుంటుంది. చెప్పాక కాసేపు ఊరుకోండి, ప్రశ్న ఆమె నోటి నుంచి రానివ్వండి. పెద్దలు ఈ మాటలు ఎలా చెబుతున్నారో పక్కన కూర్చుని వినండి, తర్వాత వాళ్ల సమక్షంలో మీరు చెప్పండి. రొమ్ములో గడ్డతో వచ్చే మగవాళ్లకూ ఇదే శ్రద్ధ చూపాలి. వాళ్లు ఆ గదిలోకి రావడానికే ఇబ్బంది పడతారు.

ఉద్యోగం మాట్లాడుకునేటప్పుడు జీతంతో పాటు మరికొన్ని అడగండి. బయాప్సీ ఫలితాలన్నీ తిరిగి మీ దగ్గరికి చేరే ఏర్పాటు ఉందా? పాత చిత్రాలు దొరుకుతాయా? స్టీరియోటాక్టిక్ యంత్రం లేకపోతే కాల్షియం చుక్కల కేసులు ఎక్కడికి పంపుతారు, అక్కడి నుంచి నివేదిక వెనక్కి వస్తుందా? చేరిన మొదటి వారంలోనే పాథాలజిస్టును కలిసి, వారానికి ఒక గంట ఇద్దరూ కలిసి కేసులు చూసే వేళ ఖాయం చేసుకోండి. ఆ గంటను వేరే పనులకు ఇవ్వకుండా డ్యూటీ పట్టికలోనే రాయించండి.